బ్రేకు మీది బొటనవేలు

కారు నడపడం నేర్పే ఆ కుర్రాడికి ఇంకా ముప్పై నిండలేదు. నేర్చుకునేవాళ్లు స్టీరింగు పట్టుకుంటే, తను పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గరుండే రెండో బ్రేకు మీద పాదం ఆనించుకుంటాడు. ఒకరోజు నిద్ర లేచేసరికి ఆ పాదం బొటనవేలు ఎర్రగా వాచిపోయి ఉంది. దుప్పటి తగిలినా ప్రాణం గిలగిలలాడింది.

"ఎక్కడ తన్నుకున్నావురా?" అంది అక్క. ఆ ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే.

"ఎక్కడా తన్నుకోలేదే. మామూలుగానే పడుకున్నాను."

"మరి కలలో ఎవరితో కొట్లాడావు?"

నవ్వబోయి మూలిగాడు. సెలవు పెడితే బాగుండదని చెప్పులు ఈడ్చుకుంటూ పనికి వెళ్లాడు.

ఆ పూట నేర్చుకునేది ఒక దర్జీ ఆవిడ. మలుపు దగ్గర కంగారులో బ్రేకు అనుకుని యాక్సిలేటరు తొక్కింది. అతను తన బ్రేకు నొక్కబోయాడు. వేలికి పెడలు తగలగానే కాలు దానంతటదే వెనక్కి వచ్చేసింది. హ్యాండు బ్రేకు లాగేసరికి కారు ఫుట్‌పాత్ ఎక్కి, చెత్తడబ్బాను ఒరుసుకుంటూ ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు.

"తప్పు నాదే సారూ," అంది ఆవిడ.

డ్రైవింగ్ స్కూలు ఓనరు అతని మొహంలోకి చూశాడు. "రాత్రి ఏమైనా పుచ్చుకున్నావా?"

"నాకా అలవాటు లేదని మీకు తెలుసు కదండీ."

"మరి కాలికేమైంది?"

"అదే అర్థం కావట్లేదు."

సాయంత్రం అక్కే అతన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. వేలు చూడగానే ఆవిడ, రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్లలో పేరుకుని ఉంటుందంది. తీరా రక్తపరీక్షలో అది మామూలుగానే ఉందని వచ్చింది.

"అంటే జబ్బు లేనట్టే కదండీ?" అంది అక్క.

"అలా అనుకోవద్దమ్మా. నొప్పి ముదిరినప్పుడు ఒక్కోసారి తక్కువ చూపిస్తుంది. తగ్గాక మళ్లీ చేయిద్దాం."

నొప్పి ఉంటే జబ్బు కనిపించదు, నొప్పి పోతే కనిపిస్తుంది. దారి పొడవునా ఇదే తిప్పి తిప్పి ఆలోచించాడు కానీ తలా తోకా దొరకలేదు. ఇంటికొచ్చాక ఫోనులో వెతికితే ఒకాయన పప్పు ముట్టొద్దన్నాడు, ఇంకొకాయన టమాటా విషమన్నాడు, మరొకావిడ అవేమీ మానక్కర్లేదంది. అక్క మాత్రం జాగ్రత్త కోసం అన్నీ మాన్పించేసింది.

"ఇంక గాలి భోంచెయ్యనా?" అన్నాడతను, తెల్లన్నం కెలుకుతూ.

వాపు పూర్తిగా దిగాక మళ్లీ పరీక్ష చేయించారు. ఈసారి యూరిక్ యాసిడ్ బాగా ఎక్కువగా ఉంది. డాక్టరమ్మ రోజంతా ఏం తాగుతావని అడిగింది.

"మందు అస్సలు తాగనండీ."

"అది కాదు. దాహమేస్తే?"

నీళ్లు తాగితే కారు ఆపుకుని బాత్రూముకి వెళ్లాలి, పాఠం మధ్యలో కుదరదు. అందుకని నీళ్లు తగ్గించి, నిద్ర ముంచుకు రాకుండా తియ్యటి కూల్‌డ్రింకులు పట్టిస్తుండేవాడు. ఇంట్లో ఎవరికైనా ఇలా ఉండేదా అని ఆవిడ అడిగితే అక్కకు నాన్న గుర్తొచ్చాడు. ఆయన అప్పుడప్పుడూ కుంటేవాడు. బూట్లు కరిచాయనేవాడు. వీళ్లూ అదే నమ్మారు.

డాక్టరమ్మ రెండు రకాల మాత్రలు రాసింది. వేసుకున్న కొన్నాళ్లకే రెండో కాలి వేలు వాచింది. అతనికి ఒళ్లు మండిపోయింది. తగ్గడానికి వేసుకుంటే పెరగడమేమిటి? మాత్రలు అటక మీద పడేసి, ముడుచుకుని కూర్చున్నాడు. అక్క బతిమాలి, కసిరి, ఆఖరికి ఆటో పిలిచింది.

"మొదట్లో ఇలా రావచ్చని చెప్పాను కదా," అంది డాక్టరమ్మ. "కీళ్లలో ఎప్పటినుంచో పేరుకున్నది కరగడం మొదలుపెడితే ఒక్కోసారి నొప్పి వస్తుంది. అది రాకుండా ఉండటానికే ఆ చిన్న మాత్ర కూడా ఇచ్చాను. వేసుకున్నావా?"

"నొప్పి లేదు కదా, ఎందుకులే అని..." అన్నాడతను నేల చూపులు చూస్తూ. మాత్రలు రాసిన రోజు ఆవిడ చెప్పిందేదీ అతని చెవికెక్కలేదు. ఓనరుకు ఏం చెప్పాలా అన్న దిగులులోనే ఉండిపోయాడు.

ఈసారి ఆవిడ చెప్పింది అక్కతో కలిసి విన్నాడు. పప్పు, టమాటా మానక్కర్లేదంది. మాంసం తగ్గించమంది, కూల్‌డ్రింకులు మానమంది, నీళ్లు బాగా తాగమంది. తనంతట తనే మాత్రలు ఆపొద్దని గట్టిగా చెప్పింది.

మర్నాడు ఓనరు ముందు దాచకుండా అంతా చెప్పాడు. ఆయన "కారెక్కే ముందు చెప్పాల్సిందయ్యా ఇది," అని, కాలు నయమయ్యేదాకా గదిలో ట్రాఫిక్ గుర్తుల పాఠాలు చెప్పమన్నాడు. తర్వాత పాఠానికీ పాఠానికీ మధ్య విరామం కూడా ఇచ్చాడు.

నెలలు గడిచాయి. యూరిక్ యాసిడ్ దిగొచ్చింది, నొప్పి మళ్లీ రాలేదు.

"ఇంతకీ నాకు జబ్బు ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగాడు డాక్టరమ్మను.

"ఉంది. అదుపులో ఉంది. మందు మానకు."

ఇంటికొచ్చి అదే మాట అక్కకు చెప్పాడు.

"అంటే ఏమిట్రా?"

"సరిగ్గా నాకూ తెలియలేదే," అని మాత్ర వేసుకుని, గ్లాసుడు నీళ్లు తాగి, పనికి బయల్దేరాడు.