తేడా చూపని గుర్తులు

మా బావ నన్ను డాక్టరమ్మా అని పిలుస్తాడు. నా థీసిస్ ఇంకా పూర్తి కాలేదని ఎంత మొత్తుకున్నా వినడు. మా అక్కని చేసుకున్న రోజు నుంచీ నన్ను ఆటపట్టించడం తన హక్కు అనుకుంటాడు. అలాంటి మనిషి ఆ రోజు మా ల్యాబు గుమ్మంలో, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

"ఐస్ ఫ్యాక్టరీలో ఉద్యోగం ఇస్తామంటున్నారు. పడవ అమ్మేసి ఒడ్డున పడమని మీ అక్క ఒకటే పోరు. చుక్కల చేప ఇక ముందు ఉంటుందా, పోతుందా? ఉంటుందంటే పడవ ఉంచుకుంటా. పోతుందంటే అమ్మేస్తా."

"నా పని జ్యోతిషం కాదు బావా."

"జ్యోతిషమైతే నిన్నెందుకు అడుగుతా?" అని, సమాధానం కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

చుక్కల చేపే నా పని. చేప రెక్క నుంచి గోరంత ముక్క కత్తిరించి డీఎన్ఏ తీస్తాం. అందులో కొన్ని చోట్ల ఒకే ముక్క, పాటలో పల్లవిలా, మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒక చేపలో పదిసార్లు వస్తే ఇంకో చేపలో పదమూడుసార్లు. అలాంటి చోటుని పట్టుకుని లెక్కపెట్టడానికి మేం తయారుచేసుకునే గుర్తునే మార్కర్ అంటాం. ఆ లెక్క చేపకీ చేపకీ ఎంత మారితే ఆ జాతి అంత గట్టిది. కొత్త రోగం వచ్చినా, నీళ్ళు వేడెక్కినా, కొన్నయినా తట్టుకుని బతుకుతాయి.

ఈ చేపకి ఇంతవరకూ ఎవరూ మార్కర్లు తయారుచేయలేదు. నేను నలభై చేశాను. రాయడానికి ఒక్క ముక్కే గానీ, ఒక్కొక్కటీ నా ప్రాణం తోడేసింది. మెషీన్‌లో వేడి కొంచెం ఎక్కువైతే ఫలితమే రాదు, తక్కువైతే అక్కర్లేని చెత్తంతా వస్తుంది.

చివరికి అన్నీ కుదిరాక, ఒక్కో చేప లెక్కా ఒక్కో గీతగా వెలిగే నీలి వెలుతురులో చూస్తే, ముప్ఫైనాలుగు మార్కర్లలో గీతలన్నీ స్కేలు పెట్టి గీసినట్టు ఒకే వరుసలో ఉన్నాయి. ఏ రేవు చేపైనా అంతే, ఏ కాలంలో పట్టిందైనా అంతే. తేడా చూపినవి ఆరే ఆరు. ముందు నా చేతుల్నే అనుమానించాను. కొత్త మందులతో, కొత్త ముక్కలతో మొత్తం మళ్ళీ చేశాను. అవే గీతలు వచ్చాయి. అప్పుడు నాకు భయమేసింది.

మా గైడు సారు మాత్రం తేలిగ్గా తేల్చేశారు. "ఆ ఆరూ ఉంచు. మిగతావి పక్కన పెట్టెయ్."

"అసలు సంగతి ఆ మిగతావాటిలోనే ఉంది సార్."

"తేడా చూపనిది మనకెందుకు పనికొస్తుందమ్మా? అందరూ చేసేదే."

అందరూ చేసేదే, నిజమే. మోసం చేస్తున్నారనుకుంటే పోట్లాడేదాన్ని. ఆయనేమో పద్ధతి ప్రకారం నడుస్తున్న మనిషి. అయినా నోరు ఊరుకోలేదు. ఫెయిలైన పిల్లల్ని బయట నిలబెట్టి, పాసైనవాళ్ళ సగటు తీసి, మా బడి బ్రహ్మాండం అన్నట్టుంది సార్ అన్నాను.

ఆయన కళ్ళజోడు తీశారు. "సరే. ఒకప్పుడు ఈ చేపలో తేడాలుండేవని చూపించు. మొదటినుంచీ ఇంతేనేమో! పోల్చడానికి పాత చేప ఉందా నీ దగ్గర?"

కాలేజీ నమూనాల గదిలో వెతికితే దొరికింది. నేను పుట్టకముందు ఎవరో పట్టి జాడీలో పెట్టిన చుక్కల చేప. చంకన పెట్టుకుని పరిగెత్తుకొచ్చాను. అది ఫార్మలిన్‌లో ఉంది. ఫార్మలిన్ ఒంటిని కాపాడి డీఎన్ఏని తునాతునకలు చేస్తుంది. తెలిసీ ఆశపడ్డాను. ఎన్నిసార్లు చేసినా ఒక్క గీత కూడా వెలగలేదు. చుక్కలు అలాగే ఉన్నాయి, పొలుసు కూడా ఊడలేదు. ఆ జాడీ ముందు కూర్చుని ఏడ్చాను.

మా పరిశోధన వ్యాసం ఆరు మార్కర్లతోనే అచ్చుకి వెళ్ళింది. ఆ ఆరింటి లెక్క ప్రకారం చేప గట్టిదే. తేడా చూపని మార్కర్లను లెక్కలోకి తీసుకోలేదని అందులో ఒక వాక్యం ఉంది. నేను బతిమాలితే ఆ ముప్ఫైనాలుగింటి పట్టిక కూడా చివర్లో చేర్చారు. వ్యాసంలో ఒక్క అబద్ధం లేదు. పేపరువాళ్ళు మాత్రం 'చుక్కల చేపకు ఢోకా లేదు' అని వేసి, కింద సారు పక్కన నా ఫోటో పెట్టారు. పన్ను నొప్పితో ఉన్నదానిలా ఉన్నాను.

బావ ఫోనెత్తలేదు. రేవుకి పరిగెత్తాను. పడవ ఒడ్డున ఉంది, ఒళ్ళంతా కొత్త రంగు. బావ దాని పక్కన గొంతుక్కూర్చుని కుంచెతో ఏదో రాస్తున్నాడు.

"రా రా డాక్టరమ్మా! ఐస్ ఫ్యాక్టరీకి పొద్దున్నే చెప్పేశా, రానని."

"పేపర్లో రాసింది నమ్మకు బావా."

"నీ ఫోటో వేశారుగా?"

"చేపలన్నీ అచ్చు ఒకేలా ఉన్నాయి. వీధిలో ఇళ్ళన్నిటికీ ఒకే తాళం వేశారనుకో. దొంగకి ఒక్క తాళంచెవి దొరికితే చాలు, అన్నీ పోతాయి."

బావ నవ్వలేదు. బుద్ధిగా ఆలోచించాడు. "దొంగ ఎప్పుడొస్తాడు?"

"తెలీదు. వచ్చే ఏడే రావచ్చు. మన జన్మలో రాకపోవచ్చు."

"ఈ ఏడు పడ్డంత చేప నేనెప్పుడూ చూళ్ళేదు. పేపరేమో ఢోకా లేదంటోంది. నువ్వేమో తెలీదంటున్నావు. నన్నేం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

"అమ్మెయ్ బావా."

"ఈ మాట నీ చదువు చెప్తోందా, నీ భయం చెప్తోందా?"

ఆ జాడీలో చేప ఒక్క గీత చూపించి ఉంటే చదువే అనేదాన్ని. అబద్ధమాడితే మా అక్క కడుపులో పాలు పోసినదాన్నయ్యేదాన్ని. కానీ నోరు రాలేదు.

"భయమే," అన్నాను.

బావ మొహం తేటపడింది. "భయపడ్డానికి ఇంట్లో మీ అక్క చాల్లే. కాస్త పక్కకి జరుగు, నీ నీడ పడుతోంది."

జరిగాను. అప్పుడు కనిపించింది బావ రాస్తున్నది. పడవ ముక్కు మీద, ఎర్ర రంగుతో, పెద్ద అక్షరాల్లో 'డాక్టర' అని ఉంది.

"నీ చదువు మీద నమ్మకంతో ఉంచుకున్న పడవ. ఇంకేం పేరు పెడతా?" అన్నాడు. ఇంకో అక్షరం రాయాలి, కాస్త రంగు డబ్బా పట్టుకోమన్నాడు.

పట్టుకున్నాను.