ఎడమకు తోస్తే కుడికి

ఆ రోజు ఇంట్లో ఆరుగురం ఉన్నాం. నాన్న, అమ్మ, నాన్నమ్మ దాలమ్మ, విజయనగరం పాలిటెక్నిక్ నుంచి సెలవులకు వచ్చిన రేఖ అక్క, ముందురోజు సాలూరు నుంచి దిగిన గిరిబాబు మావయ్య, నేను. చేపల వేట నిషేధం రోజులు కాబట్టి నాన్న ఇంట్లో ఉన్నాడు. రెండు నెలలు ఇంజను పడవలన్నీ ఒడ్డునే. వలలు బాగుచేసుకోవడం అయిపోయాక మగవాళ్ళకి పొద్దు పోదు, ఆడవాళ్ళకి వాళ్ళతో వేగడం అవదు.

మావయ్య అమ్మకి తమ్ముడు. లారీ నడుపుతాడు. ఈసారి వస్తూ ఒక గేమ్ స్టిక్ తెచ్చాడు. అగ్గిపెట్టెకంటే చిన్నది. టీవీకి గుచ్చితే పాతకాలం వీడియో గేములు వేలకొద్దీ వస్తాయట. దానితో ఒక రిమోటు, రిమోటు మీద బొటనవేలంత పిడి.

"శ్రీకాకుళంలో గంట లెక్కన ఆడీవోళ్ళం గదా బావా, గేపకం ఉన్నాదా?" అన్నాడు మావయ్య.

నాన్నకి గుర్తున్నది పడవ ఆట ఒక్కటే. నది మీద పడవ పోతుంటుంది, రాళ్ళు ఎదురొస్తుంటాయి, తప్పించుకుంటూ మలుపులు దాటాలి. మావయ్య మొదటిసారే ఐదు మలుపులు దాటేశాడు. నాన్న మొదటి మలుపులోనే రాయికి కొట్టాడు. రెండోసారీ అంతే. మూడోసారి పడవ తిన్నగా వెళ్ళి ఒడ్డెక్కింది.

"ఏటి బావా! ఇరవయ్యేళ్ళ బట్టీ పడవ నడుపుతన్నావు. లారీవోడు దాటీసినాడు, పడవోడు మునిగిపోనాడు!"

"టీవీలో గాలి తగల్దురా," అన్నాడు నాన్న.

కిటికీ బయట సోములు బాబాయి నిలబడి చూస్తున్నాడు. అతనూ నాన్న పడవలోనే వేటకెళ్తాడు. "అన్నా, ఈసారి ఏటకెళ్తే ఇంజను పిడి నాకిచ్చీ," అన్నాడు.

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు గానీ ఆ నవ్వు చెవులదాకా వెళ్ళలేదు. పడవలో నలుగురుంటే పిడి పట్టేది నాన్నే. మిగతా ముగ్గురూ ఆ చేతిని నమ్ముకునే నిద్రపోతారు. ఈ మాట సాయంత్రానికి ఒడ్డంతా పాకిపోతుందని నాన్నకి తెలుసు.

"పొద్దు గూకీలోగా మూడో మలుపు దాటకపోతే నాను ఈదరుగు మీద కూకొని బుట్టెడు ఎండు నెత్తళ్ళకి తలకాయలు గిల్లుతాను. దాటితే నువ్వు గిల్లాల," అన్నాడు నాన్న మావయ్యతో. ఆ చిన్న చేపలకి తలలు గిల్లడం ఆడవాళ్ళ పని. మా ఊళ్ళో మగవాడు వీధిలో కూర్చుని నెత్తళ్ళు గిల్లడం ఎవరూ చూడలేదు.

"బుట్ట సిద్దంగా ఉన్నాది. ఎవుడు కూకున్నా నాకు పరవాలేదు," అంది నాన్నమ్మ.

భోజనాలయ్యాక మళ్ళీ మొదలైంది. నాన్న మొదటి మలుపు ఎలాగో దాటి రెండో దాంట్లో కొట్టాడు. మావయ్యకే జాలేసింది. "స్టిక్కు డొక్కుదేమో బావా. నా ఫోన్లో ఆడు," అన్నాడు. అతను నెలనెలా చందా కడతాడట. కడితే పాత ఆటలన్నీ రంగులు మెరుగుపెట్టి ఇస్తారట. అందులో అదే పడవ, నీళ్ళు మాత్రం అద్దంలా ఉన్నాయి. కానీ అది నెట్ ఉంటేనే నడుస్తుంది. మా ఇంట్లో సిగ్నల్ వంటింటి గుమ్మం దగ్గర తప్ప అందదు. నాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆడాడు.

"అడ్డు తప్పుకో! సేతిలో ఏడి గంజి ఉన్నాది," అని అమ్మ అరిచింది. సరిగ్గా రెండో మలుపులో బొమ్మ ఆగిపోయింది. కదిలేసరికి పడవ రాయి మీద ఉంది.

నేను మూల కూర్చుని డైరీ రాసుకుంటున్నాను. నలుగురిలో నాకు మాట రాదు. అందుకని అన్నీ రాస్తాను. 'రాయి ఎడమవైపు వస్తే నాన్న పిడిని ఎడమకే తోస్తున్నాడు. కుడివైపు వస్తే కుడికి' అని రాసి, దాన్నే మళ్ళీ చదువుకున్నాను. ఒడ్డు నుంచి నేనెన్నిసార్లు చూశానో! నాన్న పడవ వెనకాల కూర్చుని ఇంజను పిడిని ఎడమకు తోస్తే పడవ ముక్కు కుడికి తిరుగుతుంది. నాన్న చెయ్యి ఇరవయ్యేళ్ళుగా చేసే పనే చేస్తోంది.

అది పైకి చెప్పే ధైర్యం రాలేదు. అక్క చెవిలో చెప్పాను. అక్క నన్ను వింతగా చూసింది.

"స్టిక్కులో మార్సడానికి ఏటీ లేదే. ఎమ్యులేటర్ అయితే ఏ మీట ఏం సెయ్యాలో మనమే సెప్పుకోవచ్చు," అంది. ఎమ్యులేటర్ అంటే, పాత ఆటల యంత్రం తనే అయినట్టు కంప్యూటర్ నటించడమట. అక్క లాప్‌టాప్‌లో అది ఉంది. "ఈ పడవ ఆట తయారుసేసినోళ్ళే ఎవులైనా వాడుకోండని వదిలీసినారు. లేకపోతే నాను దించను," అని కూడా చెప్పింది.

వంటింటి గుమ్మంలో కూర్చుని ఆటను నెట్ నుంచి దించాం. లాప్‌టాప్‌ని టీవీకి, రిమోటుని లాప్‌టాప్‌కి కలిపాం. ఎడమ అన్నచోట కుడి, కుడి అన్నచోట ఎడమ పెట్టమని అక్క చూపించింది. నేనే మార్చాను.

"ఇంకొక్కపాలి ఆడు నాన్నా," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. అయినా నాన్న రిమోటు అందుకున్నాడు.

ఈసారి టీవీకి పక్కగా తిరిగి, పడవలో కూర్చున్నట్టే కూర్చున్నాడు. రిమోటుని తొడ పక్కన పెట్టుకుని, చూపుడువేలితో పిడిని తోశాడు. మొదటి మలుపు. రెండోది. మూడో మలుపులో రెండు రాళ్ళ మధ్య సందు పడవ పట్టేంత కూడా లేనట్టుంది. పడవ అందులోంచి జారిపోయింది.

"దాటీసినాడు!" అని కిటికీ ఊచలు పట్టుకుని ఊగాడు సోములు బాబాయి. నాన్న ఆగలేదు. ఏడో మలుపు దాకా వెళ్ళాడు. నాన్నమ్మ చప్పట్లు కొట్టింది, ఆట ఏమిటో తెలియకుండానే.

"ఏదీ, ఇటియ్యి," అని మావయ్య రిమోటు లాక్కున్నాడు. మొదటి రాయికే కొట్టాడు. మళ్ళీ అదే రాయికి కొట్టాడు. "ఇదేటిది? ఎడమకంటే కుడికి పోతన్నాది! ఎవులో ఏదో సేసినారు!"

అక్క నా వైపు చూసింది. దాంతో అందరూ చూశారు. ఇక తప్పలేదు.

"నానే మార్సినాను మావయ్యా. పడవ పిడి అలాగే ఉంటాది. ఎడమకి తోస్తే కుడికి తిరుగుతాది. నాన్న సెయ్యి పొద్దున్నించీ బాగానే ఉన్నాది. ఆటే నీ స్టీరింగులాగ ఉన్నాది."

నాన్న తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. "నా సెయ్యి ఏటి సేస్తందో నాకే తెలీలేదురా!" అని పగలబడి నవ్వాడు. ఈసారి నవ్వు చెవులు దాటింది.

"పిడి నీదేలే అన్నా," అన్నాడు సోములు బాబాయి.

నాన్నమ్మ అప్పటికే నెత్తళ్ళ బుట్ట తెచ్చి మావయ్య ముందు దించింది. "అరుగు మీద పీట కూడా ఏసినాను. లెగు నాయినా."

"పొద్దింకా గూకలేదు గదా! ఒక్క గంటియ్యి బావా. పడవోడిలాగ నేర్సుకొని మూడో మలుపు దాటీసినాననుకో, బుట్ట సెరి సగం."

"నేర్సుకో, సూద్దాం," అన్నాడు నాన్న మీసం తిప్పుతూ.

మావయ్య లాప్‌టాప్ చంకలో పెట్టుకుని గదిలోకి నడిచాడు. నాకెక్కడలేని హుషారు వచ్చింది. వెనకే వెళ్ళాను. "నాను సెప్తాను మావయ్యా. ముందు పక్కకి తిరిగి కూకొని..."

"నువ్వొద్దే తల్లీ! పొద్దున్నించీ నోరిప్పలేదు. ఇప్పీసరికి నా కొంప ముంచీసినావు. నువ్వు మీ నాన్న పార్టీ!" అని మావయ్య నా ముక్కు మీదే తలుపు వేసి, లోపల గడియ పెట్టుకున్నాడు.