పాడుకుంటోందా, పాడుతోందా?

మీ ఇంట్లో పొద్దున్నే సాధన చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఈ లెక్కల మాస్టారి సంగతి కాస్త వినండి.

మాస్టారు మంచివాడే, కాదనను. తన భార్య గొప్ప గాయని అని బడిలో అందరికీ చెప్పుకుని మురిసిపోతాడు. కానీ ఆవిడ తంబూరా అందుకుని కూర్చోగానే బెల్లు మోగితే, పేపర్లోంచి తల ఎత్తకుండా "ఏమోయ్, ఎవరో చూడు" అంటాడు. వచ్చిన పక్కింటావిడ "పనిలో ఉన్నట్టుందే?" అని మొహమాటపడితే, "అబ్బే, ఖాళీయేనండీ. పాడుకుంటోంది, అంతే. రండి" అని లోపలికి పిలుస్తాడు.

ఒకరోజు ఆవిడ అడిగింది. "ఏమండీ, కుక్కర్ పెట్టాను. మూడు విజిల్స్ రాగానే స్టవ్ కట్టేస్తారా?"

ఎందరికో లెక్కలు నేర్పిన మనిషికి మూడు దాకా లెక్కపెట్టడం చేతకాలేదు! కుక్కర్ మాడి కూర్చుంది. "నీ పాట వింటూ మైమరిచిపోయానోయ్" అన్నాడు పైగా. ఆవిడ నవ్వేసి ఊరుకుంది. ఆ రోజు నుంచీ రాగం పాడుతూనే విజిల్స్ కూడా తనే లెక్కపెట్టుకుని, మూడోది రాగానే ఆయన్ని కేకేసేది. అలా పదిహేనేళ్లు గడిచాయి.

ఇన్నాళ్లూ ఆవిడకి మధ్యాహ్నం కచేరీలే. సగం కుర్చీలు ఖాళీ. ఎట్టకేలకు పెద్ద హాల్లో సాయంత్రం పాడమని పిలుపొచ్చింది. ఇది నిలబెట్టుకుంటే ఇక అన్నీ సాయంత్రాలే అని సభ కార్యదర్శి ముందే చెప్పాడు. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

ఆవిడ రాగం అందుకుంది. జనం చెవులు రిక్కించి వింటున్నారు. గొంతు పై స్థాయికి చేరి అక్కడ నిలిచిన సమయంలో, హాలు వెనక క్యాంటీన్లో కుక్కర్ కూసింది. ఒకటి. రెండు. మూడు.

"ఏమండీ, స్టవ్ కట్టేయండి!" అంది ఆవిడ, మైకులో.

హాలంతా గొల్లున నవ్వింది. ఆవిడ మొహం పాలిపోయింది. పక్కనే ఉన్న వయొలిన్ పెద్దాయన, ఆవిడ వదిలేసిన చోటే రాగం అందుకుని వాయించాడు. ఆ ఊతంతో ఆవిడ మళ్లీ గొంతు కలిపింది. చివరికి చప్పట్లు బాగానే మోగాయి. మాస్టారు మాత్రం తల ఎత్తలేకపోయాడు. ఆ పిలుపు ఎవరికో ఆయనకి తెలుసు కదా!

అయినా కచేరీ అయ్యాక, "మా ఆవిడకి కాస్త మతిమరుపండీ" అని సర్దబోయాడు.

"మతిమరుపా?" అన్నాడు పెద్దాయన, వయొలిన్ పెట్టెలో పెడుతూ. "ఒక్క విజిల్ తప్పకుండా లెక్కపెట్టింది కదయ్యా! ఒక చెవి మీ వంటింట్లో వదిలేసి వచ్చి కూడా ఇంత బాగా పాడింది. రెండు చెవులూ తెచ్చుకుంటే ఎలా పాడుతుందో వినాలని ఉంది నాకు. నీకు లేదూ?"

మాస్టారికి సిగ్గుతో కళ్లు చెమర్చాయి.

అంతలో కార్యదర్శి నవ్వుతూ వచ్చాడు. "వచ్చే నెల కూడా సాయంత్రమే పాడాలి, తల్లీ. క్యాంటీన్ కుక్కర్ పూచీ నాది."

"మా ఇంటి కుక్కర్ పూచీ నాది" అన్నాడు మాస్టారు గబుక్కున. ఆవిడ కళ్లు పెద్దవి చేసి చూసి, పకపకా నవ్వింది.

మర్నాడు పొద్దున్న గది తలుపు వేసి ఉంది. లోపల తంబూరా మోగుతోంది. మాస్టారు స్టవ్ దగ్గర నిలబడి, వేళ్లు మడుస్తూ మూడు లెక్కపెట్టి కట్టేశాడు. బెల్లు మోగితే తనే వెళ్లి తలుపు తీశాడు.

"ఏం చేస్తోందండీ, పాడుకుంటోందా?" అంది పక్కింటావిడ, లోపలికి అడుగు వేయబోతూ.

"ఇన్నాళ్లూ నేనే తప్పు చెప్పానండీ" అన్నాడు మాస్టారు. "పాడుకోవట్లేదు, పాడుతోంది. ఇంట్లో చేసినా పని పనే. తొమ్మిది దాటాక రండి."