వీపులేని కోటు

ఫోటోగ్రాఫరు అరచెయ్యి తడిచేసుకుని నల్లకోటు ముందువైపు నిమురుతున్నాడు. భుజాల మీద దుమ్ము పోయింది. జేబు మీద ఎవరిదో పౌడరు మరక పోయింది. కాలరు మాత్రం ఎప్పటిలాగే ఎడమవైపు లేచి నిలబడింది. దాన్ని బొటనవేలితో అణిచిపట్టి పది లెక్కపెట్టాడు. వదలగానే మళ్ళీ లేచింది.

"నీ మొండితనం నీదేలే" అని దాన్ని కొక్కేనికి తగిలించాడు.

వెనకవైపు దులిపే శ్రమ లేదు, ఎందుకంటే ఆ కోటుకి వెనకవైపు లేదు. పైన పటారం, లోన లొటారం అన్నవాడెవడో ఈ కోటుని చూసే అని ఉండాలి. ఒకప్పుడది ఆయన పెళ్ళికోటు. స్టూడియో తెరిచిన కొత్తలో ఒక కాంట్రాక్టరు దాన్ని తొడుక్కుని దర్జాగా ఊపిరి పీల్చుకున్నాడు. వీపు టప్పున పిగిలింది. ఫోటోగ్రాఫరు లబోదిబోమన్నాడు. ఆయన భార్య మాత్రం కత్తెర తెచ్చి, కాలరు నుంచి అంచు దాకా వీపంతా కోసి పారేసింది. "ఇప్పుడు ఊరందరికీ సరిపోతుంది, ఏడవకండి" అంది. నిజంగానే సరిపోయింది. బక్కవాళ్ళకి వెనక రెండు బట్టల క్లిప్పులు పెట్టి బిగిస్తారు. లావువాళ్ళకి క్లిప్పులు పెట్టరు, అంతే తేడా. ఊళ్ళో సగంమంది గుర్తింపు కార్డుల్లో అదే కోటు, అదే లేచిన కాలరు.

జనం ఆయన్ని ఒకటీరెండుగారు అంటారు. ఎందుకంటే ఆయన ఒకటి, రెండు అని లెక్కపెట్టి, మూడు అనకుండానే నొక్కేస్తాడు. మూడు వినేసరికి మనిషి ఫోటో మొహం పెట్టేస్తాడట, రెండు దగ్గర ఇంకా తన మొహమే ఉంటుందట. ఈ మాట మీద మొగుడూపెళ్ళాలకి ముప్ఫయ్యేళ్ళుగా పోట్లాటే. "చెప్పి నొక్కడం మర్యాద" అని ఆవిడ. "చెప్పకపోవడమే విద్య" అని ఆయన.

విద్య సంగతి ఎలా ఉన్నా, ఫోన్లొచ్చాక పని మూలపడింది. జనం ఎవరి ఫోటో వాళ్ళే తీసుకుంటున్నారు, అదీ మూతి సున్నాలా చుట్టి. పక్కనే సెల్‌ఫోన్ల కొట్టాయన ఈ గది కూడా కలిపేసుకోవాలని చూస్తున్నాడు. పొద్దున్నే టేపు పట్టుకొచ్చి మధ్యగోడ కొలుస్తాడు. నిన్న కొలిచిందే ఇవాళా కొలుస్తాడు, గోడ రాత్రికి రాత్రి పెరుగుతుందేమో అన్నట్టు.

"ఏమనుకోకండి బావగారూ, ఊరికే" అన్నాడు ఇవాళ కూడా.

"కొలుచుకోండి, గోడేం అరిగిపోదు" అన్నాడు ఫోటోగ్రాఫరు. కానీ చూపు వీధివైపే ఉంది. ఊరి చివర బిస్కెట్ల ఫ్యాక్టరీలో మూడొందలమందికి కొత్త గుర్తింపు కార్డులు చేస్తున్నారు. నమూనాకి పద్నాలుగు ఫోటోలు పంపాడు. ఆ పని దక్కితే స్టూడియో ఇంకొన్నాళ్ళు నిలబడుతుంది. దక్కకపోతే నెలాఖరుకి తాళంచెవులు ఈ టేపాయన చేతిలోకే. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

పదకొండింటికి ఫ్యాక్టరీ గుమాస్తా వచ్చాడు. వస్తూనే బల్ల మీద పద్నాలుగు ఫోటోలూ పేకముక్కల్లా పరిచాడు.

"ఏంటండీ ఈ మోసం? పద్నాలుగు పేర్లు, మనిషేమో ఒక్కడే!"

ఫోటోగ్రాఫరుకి ముందు అర్థం కాలేదు. "మొహాలు చూడండి బాబూ, పద్నాలుగూ వేరేవేరే కదా!"

"మొహాలెవరు చూస్తారండీ? నేను కోటు చూశాను."

"ఇందులో ఇద్దరు ఆడవాళ్ళు కూడా ఉన్నారండీ."

"అదే మరీ ఘోరం! మారువేషం కూడా వేశాడు!" గుమాస్తా గుడ్లురిమాడు. "మేనేజరుగారు మండిపడుతున్నారు. ఈ పని ఇంకో స్టూడియోకి ఇచ్చెయ్యమన్నారు."

ఫోటోగ్రాఫరు బల్ల మీది ఫోటోలు ఒక్కొక్కటే ఏరుకోసాగాడు. మూలన కూచుని ఫోటోలు కత్తిరిస్తున్న భార్య లేచింది. కొక్కెం మీంచి కోటు తీసి, పసిపిల్లాడికి తొడిగినట్టు గుమాస్తాకి ముందునుంచి తొడిగేసింది.

"మేనేజరుగారికి చెప్పేముందు మీరూ ఓసారి ఆ మోసగాడవండి బాబూ."

గుమాస్తా సన్నపాటి మనిషి. వెనక రెండు క్లిప్పులూ పడ్డాయి. అద్దంలో ముందువైపు చూసుకుంటే జిల్లా జడ్జీ. పక్కకి తిరిగితే ఆరేసిన బట్ట. అతను ఇటు తిరిగాడు, అటు తిరిగాడు, నవ్వాపుకోలేకపోయాడు. అతన్ని కుర్చీలో కూచోబెట్టి ఫోటోగ్రాఫరు లైట్లు వేశాడు.

"ఒకటి... రెండు..."

క్లిక్కుమంది.

"అదేంటి, మూడేదీ? నేనింకా గడ్డం పైకెత్తలేదు!"

"అందుకేనండీ."

గుమాస్తా కెమెరా తెర దగ్గరికి వంగి తనని తాను చూసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతని ప్రతి ఫోటోలోనూ పోలీసులు పట్టుకున్నట్టే ఉంటాడు. ఇందులో మాత్రం ఇప్పుడే ఏదో హాస్యం విని నవ్వబోతున్న మనిషిలా ఉన్నాడు.

"ఇది నేనేనా?"

"కోటు నాది. మొహం మీదే."

గుమాస్తా అక్కణ్ణుంచే మేనేజరుగారికి ఫోన్ చేసి ఒప్పించాడు, పని దక్కింది. సోమవారం కెమెరా తీసుకుని ఫ్యాక్టరీకే రమ్మన్నాడు. ఒకే ఒక్క షరతు, కోటు వద్దు.

"కోటు లేకపోతే ఎవరికివాళ్ళు మామూలుగానే ఉంటారు కదండీ" అన్నాడు ఫోటోగ్రాఫరు, మనసు చివుక్కుమని.

"మాకు కావలసిందదేనండీ బాబూ!" అంటూ గుమాస్తా గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఆ, గేటు దాటాలంటే మీకూ కార్డుండాలి. మీ ఫోటో ఒకటి సాయంత్రానికి పంపండి."

అతను వెళ్ళగానే ఫోటోగ్రాఫరు కోటు తొడుక్కున్నాడు.

"వద్దన్నారుగా?" అంది భార్య.

"వాళ్ళకి వద్దు. నాకు కావాలి. వీపు పోయాక ఈ కోటులో నేనొక్కణ్ణే ఫోటో దిగలేదు."

ఆవిడ వెనక క్లిప్పులు పెట్టి బిగించింది. ఆయన కెమెరా పట్టీ ఆవిడ మెడలో వేసి, కుర్చీలో నిటారుగా కూచున్నాడు.

"రెండుకే నొక్కాలి, తెలుసుగా?"

"నాకు చెప్పకండి. ఒకటి... రెండు..."

"నొక్కవేం? రెండయింది! ఏమేవ్, రెండు..."

"మూడు" అని తీరుబడిగా నొక్కింది ఆవిడ.

చూస్తే ఏముంది! నోరు తెరిచి, వేలు చూపిస్తూ, కనుబొమలు నడినెత్తికెక్కించి తిడుతున్న మనిషి. కాలరు యథాప్రకారం లేచి ఉంది. ఆవిడ నవ్వీనవ్వీ బల్ల పట్టుకుంది. ఆయన ఉక్రోషంగా చూశాడు గానీ, తెర దగ్గరగా పెట్టుకోగానే ఆయనకీ నవ్వాగలేదు. కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు.

"ఇంకోటి తియ్యనా?"

"వద్దు. ఇంట్లో నేనెలా ఉంటానో అలాగే ఉంది, ఇదే పంపు." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "నవ్వి నవ్వి ఆయాసమొచ్చింది. కాసేపు ఆనుకుంటాను. వీపున క్లిప్పులు గుచ్చుకుంటున్నాయి, తీసెయ్."

ఆవిడ క్లిప్పులు తీసింది. కత్తెర పట్టుకోవడానికి చేతులు ఖాళీగా ఉండాలని వాటిని మెడలోని కెమెరా పట్టీకే తగిలించుకుంది. ఆయన వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ ఇందాకటి ఫోటోల అంచులు కత్తిరిస్తూ మూడొందలమందికి ఎన్ని రోజులు పడుతుందో అడిగింది. జవాబు రాలేదు. నిద్రపోయారనుకుంది. మళ్ళీ అడిగింది. లైట్లింకా ఆయన మీదే వెలుగుతున్నాయి. ఆవిడ కత్తెర కింద పెట్టి లేచి వెళ్ళి చూసేసరికి ఆయన ఇక లేడు.

కడసారి చూడ్డానికి వచ్చినవాళ్ళు కోటు తీసి కొత్త చొక్కా వేద్దామన్నారు.

"ఉండనివ్వండి" అంది ఆవిడ. "ఇంక వీపు ఎవరికీ కనపడదుగా." అనేసి అప్పుడు ఏడిచింది, గట్టిగా, ఎవరేమనుకున్నా. సెల్ కొట్టాయన టేపు జేబులో పెట్టుకుని గోడకేసి చూడకుండా నిలబడ్డాడు.

సోమవారం ఆవిడే ఫ్యాక్టరీకి వెళ్ళింది. ఆవిడ కార్డుకి ఫోటో సెల్ కొట్టాయన తన ఫోన్లో తీశాడు. పాపం, మూడు దాకా లెక్కపెట్టి మరీ తీశాడు, అందుకే అందులో ఆవిడ ఆవిడలా లేదు. గేటు దగ్గర గుమాస్తా, ఆవిడ పంపిన ఫోటోతో చేసిన ఆయన కార్డు కూడా తెచ్చి చేతిలో పెట్టాడు. కార్డులో ఆయన ఇంకా తిడుతూనే ఉన్నాడు.

మొదటి పనివాడు వచ్చి కూచున్నాడు, మామూలు చొక్కాలో, గడ్డం ఎత్తబోతూ.

"ఒకటి... రెండు..." అని నొక్కేసింది ఆవిడ.

"అదేంటమ్మా, మూడు అనలేదు?"

"మూడుదాకా ఆగితే మా ఆయన తిడతాడు బాబూ" అని కెమెరా మళ్ళీ కంటికెత్తుకుంది. మెడలోని పట్టీకి ఆ రెండు బట్టల క్లిప్పులూ, బిగించడానికి కోటు లేక, అలాగే వేలాడుతున్నాయి.