లోపల ముందే కూర్చున్నవాళ్లు

హోటల్లో సర్వరు మనకి వడ్డిస్తాడు. ఈ ఆఫీసులో సర్వరుకే మనిషి వడ్డించాలి. ఆ మనిషిని అందరూ సర్వరాయన అంటారు. అల్లుడు ఏదో హోటల్లో పనిచేస్తున్నాడనే అత్తగారు ఇప్పటికీ అనుకుంటుంది. సాయంత్రం అతని మొహం చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఆ ఒక్క యంత్రం మీద ఆసుపత్రి, నీళ్ల ఆఫీసు, లైబ్రరీల డేటాబేసులు ఉమ్మడి కాపురం చేస్తున్నాయి. కొద్దిరోజులుగా మధ్యాహ్నమైతే చాలు, మూడూ నత్తకి నడక నేర్పుతున్నాయి. ఆసుపత్రివాళ్లు మొత్తుకున్నారు. మేనేజరుకి అలుసుగా దొరికింది లైబ్రరీ.

"పనిలేక పుస్తకాలు వెతికేవాళ్ల నిర్వాకమే ఇది. సాయంత్రానికల్లా దాన్ని తీసెయ్. కాదంటావా, ఎవరిదో రుజువు చూపించు."

లైబ్రరీ నడిపేది సర్వరాయన వదిన. కంప్యూటరు వచ్చిన సంబరంలో పాత కార్డులన్నీ చిత్తుకాగితాలవాడికి వేసేశారు. డేటాబేసు పోతే ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో చెప్పే నాథుడుండడు.

రుజువంటే లాగ్. ఎవరు ఏ క్వెరీ, అంటే ఏ ప్రశ్న, అడిగారో యంత్రమే రాసిపెడుతుంది. ఇదివరకోసారి సర్వరు మొత్తానికీ లాగ్ పెడితే, మూడు కాపురాల ముచ్చట్లూ రాసి రాసి డిస్కు నిండి, అందరూ కలిసి మంచం పట్టారు. అందుకని ఈసారి, మొత్తుకున్న ఆసుపత్రిని వదిలేసి, లైబ్రరీ తెరవకముందే వేరుకుంపట్లు పెట్టాడు. లైబ్రరీకి విడిగా ఒక లాగ్, నీళ్ల ఆఫీసుకి విడిగా ఒకటి.

మధ్యాహ్నమైంది. సర్వరు చతికిలబడింది. లైబ్రరీ లాగ్‌లో నాలుగు చిన్న ప్రశ్నలున్నాయి. నీళ్ల ఆఫీసు లాగ్ ఎండిపోయి ఉంది.

"చూశావా? నీళ్లవాళ్లు నోరే విప్పలేదు," అన్నాడు మేనేజరు.

"లైబ్రరీవి మరీ చిన్న కొర్రీలండీ..."

"వదినగారివి కదా, చిన్నగానే కనిపిస్తాయి." విసవిసా వెళ్లిపోయాడు.

ఆ వెనకే వదిన టీ ఫ్లాస్కుతో వచ్చింది. "ఏమయ్యా మరిదీ, ఏమైనా లాగావా?"

"లాగ్ లాగుతుంటే మీ లైబ్రరీయే వస్తోంది వదినా. ఇంకాస్త లాగితే నా లాగు ఊడేట్టుంది."

సర్వరు గది మూల నుంచి కరకరమని చప్పుడు. నీళ్ల ఆఫీసు గుమాస్తా ఎప్పటిలాగే ఏసీ చల్లగాలి కింద కూర్చుని బిస్కెట్లు నములుతున్నాడు.

"ఇక్కడ తినకూడదని తలుపుకి బోర్డు పెట్టాను, చూళ్లేదా?" అన్నాడు సర్వరాయన నీరసంగా.

"నేనొచ్చాక పెట్టారుగా! నేను గుమ్మం దాటినప్పుడు బోర్డు లేదు. రేపట్నుంచి చదువుకుంటా లెండి."

సర్వరాయన నుదురు కొట్టుకున్నాడు. తెలిసిన సంగతే, అలసటలో తట్టలేదు. లాగ్ పెట్టమన్న ఆజ్ఞ కూడా గుమ్మానికి కట్టిన బోర్డులాంటిదే. ఆ తర్వాత కొత్తగా వచ్చే కనెక్షన్లకే అది వర్తిస్తుంది. లైబ్రరీ రోజూ పొద్దున్నే తెరుచుకుంటుంది. నీళ్ల ఆఫీసువాళ్లు తెరలు మూసిన పాపాన పోలేదు, వాళ్ల కనెక్షన్లన్నీ పాతవే.

నీళ్ల ఆఫీసు కనెక్షన్లన్నీ తెంపేశాడు. గుమాస్తా ఫోను మోగింది.

"అయ్యో, మా తెరలన్నీ పోయాయట!"

"మళ్లీ వస్తాయి. ఈసారి బోర్డు చదువుకుని వస్తాయి."

వచ్చాయి. రాగానే లాగ్‌కి వరదొచ్చింది. ఒకే బల్ల నుంచి ఒకే క్వెరీ, ఊళ్లో ప్రతి కుళాయికీ మొదట్నుంచీ ఉన్న లెక్కంతా కావాలని, ఆగకుండా అడుగుతోంది.

"ఇది మీ బల్లే కదూ?"

గుమాస్తా బిస్కెట్టు మింగాడు. "మధ్యాహ్నం ఇటొచ్చేముందు రిపోర్టు దానంతటదే తిరిగేలా పెట్టి వస్తానండీ. నేను లేకపోయినా తెర కదులుతూ ఉంటే పని జరుగుతున్నట్టుంటుందని..."

మేనేజరు వచ్చి లాగ్ చూశాడు, గుమాస్తాని చూశాడు. "సరే, లైబ్రరీని ఉండనియ్," అన్నాడు, తన జేబులోంచి తీసి దానం చేస్తున్నట్టు. గుమాస్తాని వెంటబెట్టుకుని వెళ్లాడు.

వదిన ఊపిరి పీల్చుకుంది. అంతలోనే ఆమెకి అనుమానమొచ్చింది. "అవునూ, మా దగ్గర వెతికినవన్నీ నువ్వు చదివావా?"

"తప్పలేదు వదినా. మీ బల్ల మీద నుంచి 'తోడికోడలితో వేగడం ఎలా' అని..."

"మీ ఆవిడ చెవిన వేశావో, చంపేస్తాను! ముందు ఆ లాగ్ ఆపు."

ఆపాడు. "అయితే ఇది కూడా కొత్తగా వచ్చేవాళ్లకే వర్తిస్తుంది వదినా. మీ తెర పొద్దుటి నుంచీ తెరిచే ఉందిగా, ఇంకా రాసుకుంటూనే ఉంటుంది."

వదిన ఫ్లాస్కు అక్కడే పడేసి పరుగెత్తింది.

సర్వరాయన ఫ్లాస్కు తీసుకుని లేచాడు. బోర్డు పెట్టింది తనే కాబట్టి గుమ్మం దాటి తాగాలి. నడవాలో కుర్చీ లేదు. గోడకి చేరగిలబడి, నిలబడే తాగాడు.