ఎత్తుకోని పాట

జానెద్ తన జీవితంలో ఒక్క పాట కూడా తానుగా ఎత్తుకోలేదు. ముప్పై ఏళ్ళు పాడింది. మా పోహేర్ ప్రాంతంలో ఆమె గొంతుకి ఆడని కాలు లేదు. అయినా ఎత్తుకోలేదు. ఎత్తుకోవడం ఆమె జోడీ పాటగాడు లోమిగ్ పని, అందుకోవడం ఆమె పని.

ఫ్రాన్స్ పడమటి కొసన మా బ్రెటన్ వాళ్ళ ఆటపాట తీరే అంత. ఒకరు పాదం ఎత్తుకుంటారు. అది ఇంకా ముగియకముందే రెండోవారు దాని తోక పట్టుకుంటారు. ఇద్దరూ కలిసి దాన్ని దించాక, రెండోవారు అదే పాదాన్ని పొల్లుపోకుండా తిరిగి పాడతారు. వాళ్ళ తోకని మళ్ళీ మొదటివారు పట్టుకుంటారు. మధ్యలో ఊపిరికి సందు లేదు, కాబట్టి ఆడేవాళ్ళ కాళ్ళకీ సందు లేదు. వంత పాడేవాళ్ళకి ఉన్నది ఒకటే నియమం, ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగి ఇవ్వాలి. నిజమా, అబద్ధమా, నాకు నచ్చిందా అని చూసుకునే హక్కు లేదు. ముందు పాడేవాడు ఊరి ఫాదిరీని తిడితే వంత పాడేవాళ్ళూ తిట్టాల్సిందే. లోమిగ్ ఒకసారి ఆ పని చేశాడు కూడా. మర్నాడు చర్చిలో చీవాట్లు మాత్రం జానెద్‌కి పడ్డాయి. అతనప్పుడు బయట సిగరెట్ కాల్చుకుంటూ నవ్వుతున్నాడు.

క్రిస్మస్ వెళ్ళాక ఒక పొద్దున, ఆ లోమిగ్ పశువుల కొట్టంలో గుండె ఆగి పడిపోయాడు.

అంత్యక్రియలయ్యాక చనిపోయినవాడి మనుషులు చర్చి బయట వరసగా నిలబడితే, ఊరంతా వచ్చి చేతులు పట్టుకుని వెళ్ళడం మా ఆనవాయితీ. ఆ వరసలో భార్య కాతెల్ నిలబడింది. పక్కన ఆమె తమ్ముడు, దూరపు బంధువులు నలుగురు. పిల్లలు లేరు. వంత పాడిన మనిషికి ఆ వరసలో చోటెక్కడ? జానెద్ ఊరివాళ్ళ వెనకాల నిలబడి, తన వంతు వచ్చాక కాతెల్ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి తిరిగి పట్టుకోలేదు. జానెద్ గబగబా వచ్చి తన కాఫీ కొట్టు తలుపులు తెరిచి, చలికి వణుకుతూ వచ్చినవాళ్ళందరికీ వేడివేడిగా కాఫీ పోసింది. ఆమెని ఎవరూ పరామర్శించలేదు. ఏమని పరామర్శిస్తారు, ఆమె అతనికి ఏమవుతుందని? కొందరి దగ్గర దానికో మాట ఉంది గానీ, అది ఎదురుగా అనే మాట కాదు.

ఆ మాటకి తగ్గది ఏదీ జరగలేదు. నిప్పు లేకుండానే ఊళ్ళో పొగ లేచింది. లోమిగ్ శనివారం సాయంత్రం బండితో వచ్చేవాడు, పక్క పక్కన నిలబడి భుజాలు రాసుకునేలా పాడేవాళ్ళు, ఆట ముగిశాక కొట్టు ముందు దింపి వెళ్ళిపోయేవాడు. మేడ మీది గదిలో జానెద్ బూట్లు విప్పుకుంటూ ఆ బండి చప్పుడు దూరమయ్యేదాకా వినేది. ఆమెకి అతనంటే ఇష్టం. పెళ్ళి చేసుకోకుండా ఉండిపోయేటంత ఇష్టం. పాటలో తప్ప అతను ఆమెతో ఒక్క మెత్తటి మాట అనలేదు, ఆ పాటలోదైనా అందరికీ చెందిన మాటే.

ఫిబ్రవరిలో గ్వెనోలే వచ్చాడు. కుర్రాడే, పాటల సంఘానికి కార్యదర్శి. ఈస్టర్ వెళ్ళిన వారంలో ఐర్లండ్‌లో పోటీ ఉంది. ఐరిష్, స్కాట్లండ్ గేలిక్, వెల్ష్, మాంక్స్, కార్నిష్, మేము, ఈ ఆరు చిన్న భాషల వాళ్ళం తలా ఒక కొత్త పాటతో అక్కడ కలుస్తాం. మా తరఫున లోమిగ్, జానెద్ వెళ్ళాలని కిందటి ఆకురాలు కాలంలోనే నిర్ణయమైంది. ఈస్టర్‌కల్లా కొత్త పాట కడతానని లోమిగ్ మాట ఇచ్చాడు.

"వేరే జోడీని చూస్తాం, పిన్నీ. మీరేం మనసులో పెట్టుకోకండి," అన్నాడు గ్వెనోలే.

"పాట ఉందిరా అబ్బీ. కొంచెం ఆగు," అంది జానెద్.

పాట ఉన్న మాట నిజమే గానీ, అది ఆమె దగ్గర లేదు. లోమిగ్ కాగితం ముట్టుకునే రకం కాదు. పాలు పిండుతూ కట్టేవాడు, వంటింట్లో కాతెల్ ఎదుట కూర్చుని సాన పట్టేవాడు. జానెద్‌కి నేర్పింది మొదటి చరణమే. చివరి చరణమైతే ఆమెకి ఎప్పుడూ ముందుగా చెప్పేవాడు కాదు. పదిమందిలో పాడేటప్పుడే వదిలేవాడు, ఆమె తడబడకుండా అందుకుంటే కన్ను గీటేవాడు. అది అతని సరదా. ఈసారి కూడా, దాన్ని ఐర్లండ్‌లోనే వింటావులే అన్నాడు.

ఆ పాట ఒక్కసారి నలుగురి ముందూ పాడాలి. జానెద్‌కి ఇక జీవితంలో కావలసింది అదొక్కటే. దాని వెనక ఇంకో ఆశ ఉంది, తనకి తాను కూడా పైకి చెప్పుకోనిది. ఆ చివరి చరణంలో తనకోసం ఒక మాట దాచాడేమో.

కొట్టు మూసి ఉండే సోమవారం చూసుకుని, ఆమె కాతెల్ ఇంటికి నడిచి వెళ్ళింది. కాతెల్ నల్లగోధుమ అట్లు పోస్తోంది.

"పాట కోసం వచ్చావా, మనిషి కోసం వచ్చావా?" అంది, పెనం మీంచి తల ఎత్తకుండా.

"మనిషి లేడు కదా, కాతెల్."

"ఉన్నప్పుడు మాత్రం? శనివారం వస్తే లేడుగా. ఆవులకి శనివారమని తెలీదు, ఎవరో ఒకరు పిండాలి."

జానెద్ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. కాతెల్ అట్టు తిరగేసింది.

"ఆ కిటికీ దగ్గర కూర్చునేవాడు. ఒక పాదం పాడేవాడు, ఆగేవాడు. ఆ ఆగింది నీకోసం. మళ్ళీ ఇంకో పాదం, మళ్ళీ ఆగడం. నేనిక్కడ గిన్నెలు తోముకుంటూ ముప్పై ఏళ్ళు ఆ ఖాళీ విన్నాను."

"ఒక్కసారైనా నువ్వు అందుకోకపోయావా?"

"నన్నెవరు అందుకోమన్నారు?"

కాతెల్ వెన్న రాసిన అట్టు ఒకటి పళ్ళెంలో పెట్టి బల్ల మీదకి తోసింది. శత్రువునైనా మా వైపు ఉత్త కడుపుతో పంపరు. జానెద్ నిలబడే తింది. ఆమె రెండో ముద్ద నోట్లో ఉండగా, కాతెల్ పెనం వైపు తిరిగే రెండో చరణం ఎత్తుకుంది. గొంతు మోటుగా ఉంది, నూనె చూడని గొళ్ళెంలా. కానీ లోమిగ్ ఎక్కడ వదిలేవాడో సరిగ్గా అక్కడే పాదం తోక వదిలింది. జానెద్ ముద్ద మింగేసి అందుకుంది. తాను అందుకున్నానని అందుకున్నాకే తెలిసింది. పెనం మీది అట్టు మాడిపోయింది, ఇద్దరూ పట్టించుకోలేదు.

ఐర్లండ్ వస్తావా అని అడిగితే కాతెల్ వెంటనే ఒప్పుకోలేదు. ఆవుల్ని ఎవరు చూస్తారంది, ఓడ పడదంది, తనకి మంచి కోటు లేదంది. చివరికి ఆవుల్ని తమ్ముడికి అప్పగించింది. ప్రతి సోమవారం కొట్టు తలుపులు మూసుకుని ఇద్దరూ సాధన చేశారు. కాతెల్ మూరెడు ఎడంగా నిలబడేది, ఒక్కనాడూ భుజం తగలనివ్వలేదు. మూడు చరణాలూ కుదిరాయి. పూత పట్టిన నల్లగోధుమ చేను, చేను మీద వాన, వాన వెలిసాక తేనెటీగలు. నాలుగోది ఏదని జానెద్ అడిగితే, అది అక్కడే పాడతానంది కాతెల్. లోమిగ్ పద్ధతే అది కాబట్టి జానెద్‌కి అనుమానం రాలేదు. పైగా ఆశతో ఆ రాత్రి ఆమెకి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఐర్లండ్‌లో ఆ ఊరి హాలు మూడొందల మందితో నిండింది. అందరూ కుర్చీల్లో ఉన్నారు. కూర్చున్నవాళ్ళకి పాడటం మా వాళ్ళకి అలవాటు లేదు, తిని చెయ్యి కడుక్కున్నవాళ్ళకి వడ్డించినట్టుంటుంది. వీళ్ళకి ముందు మాన్ ద్వీపం నుంచి వచ్చిన ఒక మాంక్స్ పెద్దాయన పాడాడు. ఆయన మాట అర్థమైనవాళ్ళు ఆ హాల్లో ఆయన భార్య, ఇంకొక ముసలాయన. అయినా అందరికీ అర్థమవుతున్నట్టే చేతులు చాచి పాడాడు. తెర పక్కన నిలబడ్డ జానెద్ ఆయన చివరి మాట దాకా కన్ను తిప్పలేదు.

తర్వాత వీళ్ళ పేర్లు పిలిచారు. కాతెల్ అరువు కోటు విప్పి కుర్చీ మీద పెట్టి, వేదిక మీద కూడా మూరెడు ఎడంగానే నిలబడింది. చేను ఎత్తుకుంది. జానెద్ అందుకుంది. రెండో చరణం సగంలో వెనక వరసలో ఉన్న మా వాళ్ళు డజను మంది ఉండబట్టలేక లేచారు. చిటికెన వేళ్ళు కలుపుకుని కుర్చీల మధ్య దారిలో ఆట మొదలుపెట్టారు. హాలంతా చప్పట్లతో లయ వేసింది. లోమిగ్ పాట కాళ్ళలోకి దిగింది. జానెద్ కళ్ళు చెమ్మగిల్లాయి. ఇక వచ్చేది నాలుగోది. తెలియని పాదాన్ని పట్టుకోవాలంటే నోటి దగ్గర చెవి పెట్టాలి, అందుకని ఆమె ఒరిగింది. మొదటిసారి భుజానికి భుజం తగిలింది. కాతెల్ జరగలేదు.

*శనివారం వస్తే నా ఇల్లు పెద్దదవుతుంది.*

జానెద్ తిరిగి పాడింది. లోమిగ్‌కి ఇల్లెప్పుడు పెద్దదైంది అనుకుంది.

*రెండు కుర్చీల్లో ఒకటి నాది, ఒకటి చలిది.*

ఇది మగవాడు కట్టిన పాదం కాదు. జానెద్ ఆపేస్తే ఆట ఆగుతుంది, ఆట ఆపిన పాటగత్తెని మా వాళ్ళు చచ్చినా క్షమించరు. అయినా ఆమె గొంతుకి ఆగడం ఎక్కడ వచ్చు? ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగి ఇచ్చింది.

*ఊరికి పాట పంచినవాడు ఇంటికి నిద్ర తెచ్చాడు.*

అదీ పాడింది. దారిలో ఆడుతున్న మా వాళ్ళ కాళ్ళు ఆగలేదు గానీ తలలు దిగిపోయాయి. మిగతా హాలు ఏమీ తెలియక ఇంకా హుషారుగా చప్పట్లు కొడుతోంది.

*ఆయన బతికుండగానే నేను ఒంటరిదాన్ని.*

తోక దగ్గర ఇద్దరి గొంతులూ కలిశాయి. తర్వాత ఆ పాదం జానెద్ ఒక్కదానిదే అయింది. ఆయన బతికుండగానే నేను ఒంటరిదాన్ని. మేడ మీది గది, విప్పిన బూట్లు, దూరమయ్యే బండి చప్పుడు, అన్నీ అందులో ఉన్నాయి. ఇంత నిజం ఆమె నోట ఇంతకుముందు ఎప్పుడూ రాలేదు. పక్కన కాతెల్ తల తిప్పి ఆమె ముఖంలోకి చూసింది. చివర్న మళ్ళీ అందుకోవాల్సినది ఒక క్షణం ఆలస్యం చేసింది.

బహుమతి వెల్ష్ వాళ్ళకి వచ్చింది. బాగానే పాడారు, కాదనను.

తిరుగు ప్రయాణంలో పొద్దున్నే ఓడ పైన, గాలికి రుమాలు తలకి బిగించుకుని ఇద్దరూ ఒక బల్ల మీద కూర్చున్నారు. జానెద్ అడిగింది.

"నాలుగోది అతను కట్టలేదు కదూ?"

"లేదు. తేనెటీగల దగ్గరే ఆగిపోయాడు."

"ఎక్కడైనా... మాటవరసకైనా..."

"నీకోసం ఏం లేదు జానెద్. నేనూ వెతికాను, నాకోసమూ ఏం లేదు. ఉన్నదంతా నల్లగోధుమ గురించే."

జానెద్ ఇంతకాలం దాచుకున్న ఆశ అంత తేలిగ్గా అయిపోయింది. ఏడుపు కూడా రాలేదు.

"నీ నోటితో అనిపించాలనే కట్టాను," అంది కాతెల్. "నలుగురిలో నీకు సిగ్గు తెప్పిద్దామని. మధ్యలో ఆపేస్తావనుకున్నా. ఆపలేదు సరికదా, నీ సొంతమాటలా పాడావు."

"నా సొంతమాటే."

కాతెల్ సంచిలోంచి రొట్టె తీసి రెండుగా తుంచి, సగం ఇచ్చింది. ఊళ్ళో బస్సు దిగాక ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు.

శనివారం వచ్చింది. కొట్టులో ఇద్దరు ముసలివాళ్ళు ఆపిల్ కల్లు తాగి వెళ్ళిపోయారు. సాయంత్రం జానెద్ తలుపులు వేసి, బల్లలు తుడిచి, గుడ్డ చేతిలో పట్టుకునే నిలబడింది. పాడాలనిపించింది. లోమిగ్ ఎత్తుకునే మొదటి పాదాన్ని తానే ఎత్తుకుంది. తోక దగ్గర వదిలి ఆగింది. ఎవరూ పట్టుకోలేదు. ఆ ఖాళీ ఎంత పెద్దదో, గిన్నెలు తోముకుంటూ కాతెల్ దాన్ని ఎన్నేళ్ళు వినాల్సి వచ్చిందో ఆమెకి అప్పుడు తెలిసింది. కోటు వేసుకుని బయటికి నడిచింది.

కాతెల్ కొట్టంలో ఉంది. ఆవు పొట్టకి నుదురు ఆనించి, గుమ్మానికి వీపు పెట్టి పాలు పిండుతోంది. జానెద్ గుమ్మంలో నిలబడింది. ఏమని పలకరించాలో తెలియలేదు. అందుకని పాదం ఎత్తుకుంది. మరీ పైన పట్టుకుంది, గొంతు సగంలో చీలింది. ఎలాగో తోక దాకా లాక్కొచ్చి వదిలింది.

బాల్చీలో పాలధార చప్పుడు ఆగింది. జానెద్ వెనక్కి తిరగబోయింది.

"ఎత్తు ఎక్కువైంది," అంది కాతెల్, తల తిప్పకుండానే. "అక్కడైతే నేను అందుకోలేను. కాస్త దించి మళ్ళీ ఎత్తుకో."

జానెద్ గొంతు సవరించుకుని, కాస్త దించి, మళ్ళీ ఎత్తుకుంది.