వెనకబడని క్రోమోజోము

ఎనిమిది నెలలుగా ఊర్మిళ సూక్ష్మదర్శినిలోకి చూస్తోంది. ఎనిమిది నెలలుగా ఆ ఈస్ట్ కణాలు బుద్ధిగా రెండుగా చీలుతూనే ఉన్నాయి. అదే ఆమె ప్రాణానికి వచ్చిపడింది. అవి తప్పు చెయ్యాలి.

కణం చీలేటప్పుడు క్రోమోజోముల పంపకం సరిగ్గా జరగాలంటే ఒక్కో క్రోమోజోములో నడుమ భాగం పనిచెయ్యకుండా నోరు మూసుకుని ఉండాలి. ఆ నోరు మూయించేవి చిన్న చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలు. వాటిని తరిగిపెట్టే జన్యువును తీసేసిన ఈస్ట్ ఇదని చెప్పి, ఆమె గైడు సాహూ సార్ స్నేహితుడొకడు రాయపూర్‌లోని ఊర్మిళ వాళ్ల ల్యాబుకు ఒక సీసా పంపాడు. ఆ జన్యువు లేకపోతే పంపకం చెడి, ఏదో ఒక క్రోమోజోము దారిలో వెనకబడిపోవాలి. ఒక్కటీ వెనకబడలేదు.

ఫిబ్రవరిలో, పని మొదలుపెట్టిన మొదటి వారమే అడిగింది. "సార్, జన్యువు నిజంగా పోయిందో లేదో ఒకసారి పరీక్ష చేస్తాను."

"నా దోస్త్ పంపిన మాల్‌ని నువ్వు చెక్ చేస్తావా? ముందు నీ చెయ్యి తిరగనీ" అన్నాడాయన.

అప్పట్నుంచీ ఆమె తన చేతినే అనుమానించింది. రంగు మార్చింది, వేడి మార్చింది. డబ్ల్యూఆర్‌ఎస్ రైల్వే కాలనీలో ఇల్లు చేరేసరికి తల్లి అప్పలనరసమ్మ గుమ్మంలోనే, "ఏటే, పిండి పులిసే ఈస్టుకి ఇంత పరేషానీయా?" అనేది.

అక్టోబరులో సార్ నయా రాయపూర్ మీటింగుకి వెళ్లినరోజు, ఎవరినీ అడక్కుండా పరీక్ష పెట్టేసింది. జన్యువు ఉన్నచోటే ఉంది, చెక్కుచెదరలేదు. సీసా మీద చీటీయే తప్పు.

మర్నాడు ఫలితం బల్లమీద పెడితే సార్ కళ్లజోడు తుడుచుకున్నాడు.

"హోతా హై, ఇలాంటివి అవుతుంటాయి. నువ్వు ముందే చెక్ చేసుకోవాల్సింది."

ఊర్మిళకు చెవులు వేడెక్కాయి. "అడిగాను సార్. మీరే వద్దన్నారు."

ఆయన ఫోను చూసుకున్నాడు. "సరే, కొత్తది తయారు చేసుకో."

ఆ జన్యువును తనే తీసేయడానికి కూర్చుంది. మొదటిసారి ఈస్ట్ పెంచే ప్లేటు మీద ఏమీ మొలవలేదు. రెండోసారి నాలుగు ఈస్ట్ మచ్చలు మొలిచాయి. నాలుగింటినీ పరీక్షించింది. మూడింటిలో జన్యువు అలాగే ఉంది, ఒక్కదాంట్లో పోయింది.

ఆ ఒక్కదాన్నీ సూక్ష్మదర్శిని కింద పెట్టింది. చీలుతున్న కణంలో, అటూ ఇటూ కాకుండా, నడిమధ్యన ఒక క్రోమోజోము మిగిలిపోయి కనబడింది. పక్క కణంలోనూ అంతే. సంతోషం వస్తుందని కాసేపు చూసింది. రాలేదు. తల్లికి ఫోను చేసింది.

"అయిందమ్మా."

"మరి ఆ గొంతేటే, అలగుంది?"

"ఇది మార్చిలోనే అయిపోవాల్సిందమ్మా."